పాల సీసా వాడిన ప్రతిసారీ మరగబెట్టాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెసేజ్‌లలో సగం పాల సీసాల గురించే. ఎండలు ముదిరే కొద్దీ ఇలాంటివి ఎక్కువవుతాయని నాకు తెలుసు. ముప్పై ఏళ్లు కర్నూలులో పిల్లల వార్డులో నర్సుగా చేశాను కదా, ఏప్రిల్ వస్తే విరేచనాలతో వచ్చే పసిబిడ్డలకు మంచాలు చాలేవి కావు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నా. డాక్టరును కాను, ఆ మాట మళ్లీ చెబుతున్నా. మీ బిడ్డను చూసే డాక్టరు వేరేగా చెబితే ఆ మాటే వినండి.

*

అక్కా, మాది అనంతపురం. పాపకు మూడో నెల నడుస్తోంది. పగలంతా నా పాలే, రాత్రి ఒకటి రెండుసార్లు పోతపాలు. మా ఆయన ఆన్‌లైన్‌లో మూడు వేలు పెట్టి స్టెరిలైజర్ తెప్పించాడు. సీసా వాడిన ప్రతిసారీ అందులో పెడుతున్నాను. మా అత్తేమో "మేము ఐదుగురిని పెంచలేదా, వేడినీళ్లతో తొలిపితే చాల్లే" అంటుంది. మొన్న రాత్రి కరెంటు పోయి రెండు గంటలు రాలేదు, సీసా స్టెరిలైజ్ కాలేదని పాలు కలపకుండా కూర్చున్నా, పాప ఏడుపు, పాపతో పాటు నేనూ ఏడుపు. ఒకచోట చూస్తే ఏడాది దాకా చేయాలంటారు, ఇంకోచోట రెండు నెలలు చాలంటారు. ఏది నమ్మేది? వచ్చే నెల డ్యూటీలో చేరాలి, తలుచుకుంటేనే టెన్షన్.

— అనంతపురం నుంచి ఒక తల్లి

ముందు ఆ రాత్రి సంగతి చెప్పుకుందాం తల్లీ. కరెంటు లేకపోతే గ్యాస్ పొయ్యి ఉంది కదా. మూడు వేల స్టెరిలైజర్ చేసే పని అడుగున నీళ్లు మరిగించి ఆ ఆవిరి సీసాలకు తగిలేలా చేయడం, అంతే. దబరగిన్నెలో నీళ్లు పోసి సీసాను, పీకను, రింగును పూర్తిగా మునిగేలా వేసి మరగబెడితే అదే పని అయిపోతుంది. సీసా లోపల గాలి బుడగ నిలిచిపోకుండా చూడు, గాలి ఉన్నచోట నీళ్లు తగలవు. నీళ్లు తెర్లడం మొదలైన తర్వాతే టైము లెక్క పెట్టాలి. అమెరికా వాళ్లు 5 నిమిషాలు చాలంటారు, ఇంగ్లండ్ వాళ్లు 10 అంటారు. నేను పదే చెబుతా, గ్యాస్ ఎంత ఖర్చవుతుంది గనక.

ఇప్పుడు ఏడాదా, రెండు నెలలా అన్నది. నువ్వు చదివిన రెండూ నిజంగా ఉన్నవే. ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ బిడ్డకు 12 నెలలు నిండే దాకా స్టెరిలైజ్ చేయమంటుంది. అమెరికాలో సీడీసీ అని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఉంది, అది చెప్పేది ఏమిటంటే వాడిన ప్రతిసారీ శుభ్రంగా కడగండి, బిడ్డకు 2 నెలలు నిండలేదంటేనో, నెలలు తక్కువై పుట్టిందంటేనో, రోగనిరోధక శక్తి తక్కువంటేనో రోజుకు ఒకసారి అయినా మరిగించండి, వయసు పెరిగిన ఆరోగ్యమైన బిడ్డకైతే జాగ్రత్తగా కడగడమే సరిపోవచ్చు అని. చూశావా, ఇద్దరిలో ఎవరూ కడగడం మానమనలేదు. తేడా అంతా మరిగించడం దగ్గరే. అక్కడి ఇళ్లలో కొళాయి తిప్పితే శుద్ధి చేసిన నీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తాయి. మనకు రెండు రోజులకోసారి వచ్చే కొళాయి నీళ్లు, వాటిని డ్రమ్ములో పట్టి చెంబు ముంచి వాడుకోవడం. ఆ చెంబు ఎన్ని చేతులు మారుతుందో నీకు తెలుసు. కాబట్టి నా లెక్క మధ్యలో ఉంటుంది: ప్రతిసారీ కడుగు, ఆరు నెలలు వచ్చే దాకా రోజుకు ఒక్కసారి మరిగించు. వాడిన ప్రతిసారీ మరిగించనక్కర్లేదు. నాలుగు సీసాలు కొనుక్కో, వాడింది వాడినట్టు కడిగి పెట్టు, సాయంత్రం అన్నీ కలిపి ఒకేసారి మరిగించు. రాత్రి రెండింటికి లేచి మిషన్ ఆన్ చేసే బాధ తప్పుతుంది.

కడగడం అంటే మాత్రం మీ అత్త చెప్పినట్టు వేడినీళ్లు పోసి గిలకొట్టడం కాదు. పాలలో కొవ్వు ఉంటుంది, అది సీసా గోడకు సన్నని పొరలా పట్టుకుంటుంది, ఒట్టి నీళ్లకు పోదు. ఆ పొర మీదే క్రిములు కాపురం పెడతాయి. కడగకుండా మరిగిస్తే ఆ పాలే గోడకు ఉడికి అతుక్కుంటాయి, ఇంకా మొండికేస్తాయి. వార్డులో విరేచనాలతో బిడ్డను తెచ్చిన ప్రతి తల్లినీ సీసా తెచ్చావా అని అడిగేదాన్ని. తెస్తే, రింగు ఊడదీసి పీకను వెనక్కు తిప్పి వాళ్ల ముక్కు దగ్గర పెట్టేదాన్ని. పులిసిన మజ్జిగ వాసన. "రోజూ వేడినీళ్లతో కడుగుతానమ్మా" అనేవాళ్లు పాపం, అబద్ధం కాదు. రింగు ఊడదీయాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకని బిడ్డ పాలు తాగిన వెంటనే, ఎండకముందే, అన్ని భాగాలూ విడదీసి మామూలు నీళ్లతో ఒకసారి తొలిపెయ్యి. తర్వాత సీసాల కోసమే విడిగా పెట్టుకున్న చిన్న టబ్బులో గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు లిక్విడ్. సింకులో వద్దు, అందులో పొద్దున కడిగిన మాంసం తాలూకు నీళ్లు కూడా ఉంటాయి. గిన్నెలు తోమే పీచు అసలే వద్దు, సీసాల బ్రష్ విడిగా ఉండాలి. రింగు మరల సందుల్లో బ్రష్ తిరగాలి, పీక రంధ్రంలోంచి నీళ్లు పిండి చూడాలి. వాసన పోవాలని డెటాల్ కలిపి కడిగే ఇళ్లు కూడా చూశాను, అలా చేయకండి, అది గాయాలకు, నేలకు పనికొచ్చేది, బిడ్డ కడుపులోకి పోయేది కాదు.

మరిగించాక జరిగేదే అసలు తమాషా. పది నిమిషాలు నిష్ఠగా మరగబెట్టి, పట్టకారుతో తీసి, ఆ తర్వాత చీరకొంగుతో తుడుస్తారు! ఆ కొంగుతోనే బిడ్డ ముక్కు తుడుస్తాం, చేయి తుడుచుకుంటాం, బస్సులో సీటు కూడా దులుపుతాం. తుడవద్దు. తడి విదిలించి, శుభ్రమైన జాలీ మీద బోర్లించి ఆరనివ్వు, లేదంటే మరిగించిన గిన్నెలోనే మూత పెట్టి ఉంచి, అవసరమైనప్పుడు సబ్బుతో కడిగిన చేత్తో తియ్యి. పాల వేడి చూడటానికి పీకను నోట్లో పెట్టుకొని ఒక చుక్క పీల్చే పెద్దవాళ్లు ఉన్నారు, అది కూడా వద్దు, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది.

ఇవన్నీ నాకు పుస్తకంలోంచి రాలేదు. మా పెద్దోడికి ఏడో నెలలో నేను నైట్ డ్యూటీలకు పోయేదాన్ని, ఇంట్లో పోసిన పాలు సీసాలోనే మిగిలితే దాన్ని మళ్లీ రెండు గంటలకు పట్టేవాళ్లు, పారబోస్తే పాపం అని. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది వాడికి. నర్సు బిడ్డకే అలా అయిందని వార్డులో అందరూ గుసగుసలాడారు, ఆ సిగ్గు ఇంకా ఉంది. సీసా మరిగిస్తూనే ఉన్నాం మేము! మరిగించిన సీసాలో నిలవపాలు పోస్తే ఏం లాభం? బిడ్డ నోరు పెట్టిన పాలు గంటలోపు తాగకపోతే పారబోయాల్సిందే. నోరు పెట్టకపోయినా, పొడి కలిపిన పాలు బయట రెండు గంటలు దాటితే వాడకూడదు. మన అనంతపురం మే నెలలో, ఫ్యాను కూడా వేడిగాలి కొట్టే గదిలో, ఆ రెండు గంటలు కూడా నాకు ఎక్కువే అనిపిస్తుంది.

ఇంకొకటి, దీని గురించి చాలామందికి తెలియదు. పాలపొడి డబ్బా సీలు తీయకముందు కూడా అందులో క్రిమి అసలే లేదని హామీ లేదు. పొడిలో బతికే క్రోనోబ్యాక్టర్ అనే క్రిమి ఉంది, అరుదే, కానీ పసిగుడ్డులకు మెదడుపొరల వాపు తెచ్చి ప్రాణం మీదకు తెస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన సూచనల్లో పొడి కలిపే నీళ్లు 70 డిగ్రీల కంటే తక్కువ వేడి ఉండకూడదని చెప్పింది. లీటరు నీళ్లు మరిగించి దించి అరగంట లోపల వాడితే ఆ వేడి ఉంటుంది. పొడి కలిపాక సీసాను చల్లటి నీళ్ల గిన్నెలో నిలబెట్టి గోరువెచ్చగా చేసి, వేడి చూసి పట్టాలి. కొన్ని డబ్బాల మీద గోరువెచ్చని నీళ్లతో కలపమని రాసి ఉంటుంది, మీ పాపకు మూడు నెలలు కూడా నిండలేదు కాబట్టి ఆ మాట డాక్టరుతో ఒకసారి మాట్లాడుకో. చెంచా మాత్రం డబ్బాలో ఇచ్చిందే, గుట్టగా కాదు, సమంగా. డబ్బా ఖరీదని పొడి తగ్గించి నీళ్లు పెంచితే బిడ్డ ఎదగదు.

మీ అత్త మాటకు వస్తే, ఐదుగురిని పెంచిన మాట నిజమే అయి ఉంటుంది. కానీ ఆమె పెంచింది చాలావరకు చనుబాలతో, ఉగ్గుగిన్నెతో. ఉగ్గుగిన్నెకు మరలు లేవు, పీక లేదు, చెయ్యి తిప్పితే కడగడం అయిపోతుంది. మీ ఇంట్లో బారసాలకు వచ్చిన వెండి ఉగ్గుగిన్నె బీరువాలో ఉంటుంది చూడు, దాన్ని బయటకు తియ్యి. స్టీలుదైనా సరే. రాత్రి ఆ రెండుసార్లు దాంతోనే పట్టు, బిడ్డను కొంచెం కూర్చోబెట్టినట్టు పట్టుకొని, పెదవి అంచుకు ఆనించి, తను చప్పరించుకునేలా కొద్దికొద్దిగా. గొంతులో గుమ్మరించకూడదు. మొదట్లో సగం గుడ్డ మీదే పోతాయి, వారం రోజుల్లో ఇద్దరికీ అలవాటు అవుతుంది. ఇది మీ అత్తను అడిగి నేర్చుకో, స్టెరిలైజర్ గొడవ కూడా దాంతో సగం తగ్గుతుంది.

*

అమ్మాయీ, నేను కర్నూలు పక్క పల్లె నుంచి రాస్తున్నా, మనవడి చేత రాయిస్తున్నా. నా కూతురికి ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది, బిడ్డ కిలోన్నర ఉండె. ఇరవై రోజులు ఆసుపత్రిలో పెట్టి ఇంటికి పంపినారు. తల్లికి పాలు పిండే మిషన్ ఇచ్చినారు. ఆ మిషన్ గొట్టాలు, కప్పులు ఎట్ల కడగాలో ఎవరూ చెప్పలేదు. బిడ్డకు జేజిని నేనే కదా, భయంగా ఉంది.

— కర్నూలు జిల్లా నుంచి ఒక అవ్వ

అవ్వా, మీ భయం సరైందే. పైన అనంతపురం అమ్మాయికి చెప్పిన సడలింపులు మీ మనవడికి వర్తించవు. నెలలు తక్కువ బిడ్డ విషయంలో నేనూ మొండిదాన్నే, రోజూ మరిగించాలి, డాక్టరు ఆపమనేదాకా.

పాలు తగిలే భాగాలు ఏవో ముందు చూసుకోండి: రొమ్ముకు ఆనించే కప్పు, దాని కింద చిన్న వాల్వు, పాలు పడే సీసా. ఇవన్నీ ప్రతిసారి పాలు పిండాక విడదీసి సబ్బు నీళ్లతో కడగాలి, రోజుకోసారి మరిగించాలి. కప్పుకూ మోటారుకూ మధ్య ఉండే సన్నని గొట్టంలోకి పాలు పోకూడదు. పోయిందా, లోపల నల్లటి మచ్చలు కనిపించాయా, ఆ గొట్టం పారేసి కొత్తది కొనండి, కడిగి వాడదామనుకోవద్దు. 2016లో అమెరికాలో పెన్సిల్వేనియాలో ఒక నెలలు తక్కువ బిడ్డకు నేను పైన చెప్పిన క్రోనోబ్యాక్టరే సోకింది, వెతికితే ఆ క్రిమి ఇంట్లో వాడిన పాల పంపులో, సింకులో దొరికింది. పంపు భాగాలను సబ్బు నీళ్లలో గంటల తరబడి నానబెట్టి, పైపైన తొలిపి, సరిగా ఆరబెట్టకుండా వాడారట. అంటే నానబెట్టడమే కడగడం అనుకున్నారు. మన ఇళ్లలో కూడా రాత్రి గిన్నెలు నానబెట్టి పొద్దున తోముతాం కదా, బిడ్డ సామాను దగ్గర ఆ అలవాటు వద్దు.

మిషన్ లేకపోయినా పరవాలేదు, చేత్తో పిండితే కడగాల్సింది ఒక్క గిన్నె. ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డులో సిస్టర్లు చేత్తో పిండించి ఉగ్గుగిన్నెతోనే పట్టించి ఉంటారు, మీ కూతురికి గుర్తుండే ఉంటుంది. పిండిన పాలు కాచకూడదు. వేడి నీళ్ల గిన్నెలో పాల గిన్నెను నిలబెట్టి వెచ్చబెడితే చాలు. ఫ్రిజ్ ఉంటే లోపల వెనకవైపు పెట్టండి, తలుపు అరల్లో వద్దు, 24 గంటల్లో వాడేయండి. ఫ్రిజ్ లేకపోతే పిండిన వెంటనే పట్టేయడమే మంచిది, ఈ ఎండలకు నిలవ పెట్టే సాహసం చేయకండి.

బిడ్డ మునుపటిలా చప్పరించలేకపోతున్నా, ఒళ్లు చల్లబడినా, జ్వరంగా అనిపించినా, అదేపనిగా నిద్రపోతున్నా, మరుసటి రోజు దాకా చూడకండి. 108కి ఫోన్ చేయించండి. వస కొమ్ము అరగదీసి నాకించడం, తేనె నాకించడం మీరు మీ పిల్లలకు చేసి ఉంటారు, ఈ బిడ్డకు వద్దవ్వా. తేనె అయితే ఏడాది నిండేదాకా ఏ బిడ్డకూ వద్దు.

*

మేడమ్, మేము కడపలో ఉంటాం. బోరు నీళ్లతో సీసాలు మరిగిస్తే సీసా అంతా తెల్లగా పొడి పట్టినట్టు అయిపోతోంది. స్టెరిలైజర్ ప్లేటు మీద కూడా సున్నం కొట్టినట్టు పొర. అది బిడ్డకు హాని చేస్తుందా? క్యాన్ వాటర్‌తో పాలు కలుపుతున్నాం, అది ఎలాగూ ప్యూర్ కదా అని కాచకుండానే వాడుతున్నాం.

— కడప నుంచి ఒక తండ్రి

తమ్ముడూ, తండ్రులు రాసిన ఉత్తరం ఈ నెలలో ఇదొక్కటే, అందుకే సంతోషంగా జవాబిస్తున్నా.

తెల్ల పొర నీళ్లలోని సున్నమే. మన రాయలసీమ బోర్లలో నీళ్లు చవుడు, మరిగించినప్పుడు ఆ సున్నం విడిపోయి పేరుకుంటుంది. అది క్రిమి కాదు, బిడ్డకు విషమూ కాదు. కానీ గరుకు తేలిన గోడకు పాల పొర తొందరగా పట్టుకుంటుంది, బ్రష్‌కు పోదు, అదీ చిక్కు. స్టెరిలైజర్ ప్లేటు మీద వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి పోసి అరగంట ఉంచు, నిమ్మరసమైనా చాలు, తర్వాత రెండు మూడుసార్లు కడిగెయ్యి. మరగబెట్టే గిన్నెలో కూడా చిన్న నిమ్మచెక్క వేస్తే పొర తక్కువ కడుతుంది.

ఇక పాలు కలిపే నీళ్లు. ఇక్కడ రెండు వేరు వేరు సమస్యలు ఉన్నాయి, జనం రెండింటినీ కలిపేస్తారు. క్రిములు ఒకటి, నీళ్లలో కరిగి ఉన్న ఫ్లోరైడ్ ఒకటి. మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ చావదు, ఎగిరిపోదు, నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్లలో చిక్కబడుతుంది. తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. అనంతపురం జిల్లాలో ఎన్నో పల్లెల్లో బోర్లు ఆ గీత దాటే ఉంటాయి. 1990లలో సత్యసాయి ట్రస్టు ఆ పల్లెలకు పైపులు వేయించి మంచినీళ్లు తెచ్చిందాకా పచ్చపడ్డ పళ్లు, వంగిపోయిన కాళ్లు మామూలుగా కనిపించేవి. అందుకే బోరు నీళ్లు ఎంత కాచినా పాలపొడికి వాడకు. కడుపు నిండా పాలే తాగే బిడ్డకు ఒళ్లు బరువుతో పోలిస్తే మనకంటే ఎన్నో రెట్లు నీళ్లు లోపలికి పోతాయి.

క్యాన్ వాటర్ ఫ్లోరైడ్ దగ్గర మెరుగే, మిషన్ సరిగా పనిచేస్తుంటే. క్రిముల దగ్గర మాత్రం దాన్ని నమ్మొద్దు. ప్లాంటులో శుద్ధి చేసి ఉండొచ్చు, ఆ ఇరవై లీటర్ల క్యాన్‌ను ఎవరు, దేంతో, ఎప్పుడు కడిగారో నీకు తెలియదు, ఇంటికొచ్చాక మూత తీసి నాలుగు రోజులు వాడుతూనే ఉంటాం. క్యాన్ నీళ్లను కూడా తెర్లగాచి, పైన చెప్పినట్టు వేడి మీదే పొడి కలుపు. బోరు నీళ్లను సీసాలు కడగడానికి, మరిగించడానికి వాడుకోవచ్చు, దానికి ఇబ్బంది లేదు.

సీసాల మీది క్రిములను చంపుతుందని నీలిరంగు లైటు పెట్టె కొనమంటున్నారని కూడా ఉత్తరం చివర రాశావు. అల్ట్రావయొలెట్ వెలుగు పడిన చోటే పనిచేస్తుంది, రింగు మరల సందులో, పీక లోపలి మడతలో నీడ ఉంటుంది. ఆ డబ్బుతో మంచి స్టీలు గిన్నె కొని, మిగిలింది బిడ్డ పేరు మీద వెయ్యి.

*

ప్లాస్టిక్ సీసా మరిగిస్తే ప్లాస్టిక్ ముక్కలు పాలలోకి వస్తాయని చదివాను. నిజమేనా? గాజు సీసా కొనాలా?

— గుత్తి నుంచి

నిజమే. 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు పాలీప్రొపిలీన్ సీసాల్లో వేడినీళ్లు పోసి చూస్తే కంటికి కనపడని ప్లాస్టిక్ రేణువులు లీటరుకు లక్షల్లో, కొన్నిట్లో కోటి దాటి వచ్చాయి. వేడి పెరిగిన కొద్దీ ఎక్కువ. వాటివల్ల బిడ్డకు ఏం అవుతుందో ఆ పరిశోధన చెప్పలేదు, రేణువులు వస్తున్నాయని మాత్రం లెక్కపెట్టింది. దీనికి భయపడి మరిగించడం మానేస్తే, ఖాయంగా వచ్చే విరేచనాలను కొని తెచ్చుకోవడం అవుతుంది.

చేయగలిగింది సులువే. పాలు స్టీలు గిన్నెలోనో గాజు జగ్గులోనో వేడినీళ్లతో కలిపి, గోరువెచ్చగా అయ్యాక సీసాలో పోయండి. మరిగించిన సీసాను కాచి చల్లార్చిన నీళ్లతో ఒకసారి తొలపండి. మైక్రోవేవ్‌లో సీసా పెట్టకండి. స్తోమత ఉంటే గాజుదో స్టీలుదో కొనండి, గాజుదైతే పగిలే భయం మీదే. పాత గట్టి ప్లాస్టిక్ సీసాలు, బంధువులు ఇచ్చినవి వాడకండి, పాలీకార్బొనేట్ అనే ఆ గట్టి ప్లాస్టిక్‌తో పాల సీసాలు చేయకూడదని 2015లోనే మన దేశ ప్రమాణాల సంస్థ నిబంధన మార్చింది. పీక జిగటగా తగిలినా, ఉబ్బినా, చీలిక కనిపించినా అదే రోజు మార్చేయండి.

*

అక్కా, మా వాడికి ఎనిమిది నెలలు. నేల మీద పాకుతూ చెప్పులు, చీపురు, ఏది దొరికితే అది నోట్లో పెడతాడు. మరి సీసా మాత్రం మరిగించి ఏం లాభం? వచ్చే వారం ప్రొద్దుటూరు నుంచి బెంగళూరు పెళ్లికి బస్సులో పోవాలి, పాలు కలిపి సీసాలో తీసుకుపోవచ్చా?

— ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి

ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది, వార్డులో కుర్ర డాక్టర్లు కూడా అడిగేవాళ్లు. చీపురు మీద క్రిములు ఉంటాయి, కానీ అవి అక్కడ పెరగవు, తిండీ తడీ లేవు కదా. పాల చుక్క మిగిలిన సీసాలో, ఈ వేడిలో, పది క్రిములు పొద్దున్నుంచి సాయంత్రానికి లక్షలవుతాయి. పెరుగు తోడు పెట్టినట్టే అనుకో, కాకపోతే ఇక్కడ తోడు వేసింది చెడ్డ క్రిమి. బిడ్డ కడుపు కొన్ని క్రిములను తట్టుకుంటుంది, ఒక్కసారిగా లక్షలు పోస్తే తట్టుకోలేదు.

అయినా ఎనిమిది నెలల వాడికి రోజూ మరిగించాల్సిన పని లేదు నా దృష్టిలో, సబ్బుతో బాగా కడిగి ఆరబెట్టు. జబ్బు చేసి లేచినప్పుడు ఒకసారి మరిగించు. వాడి అన్నం గిన్నెలు, చెంచాలు కూడా అంతే. ఇప్పటినుంచే గ్లాసు అలవాటు చెయ్యి, ఏడాదికల్లా సీసా మానిపించేయొచ్చు, అదే అన్నిటికన్నా తేలిక.

బస్సులోకి కలిపిన పాలు వద్దు. ఫ్లాస్కులో తెర్లగాచిన నీళ్లు, శుభ్రమైన పొడి డబ్బీలో కొలిచిన పాలపొడి విడిగా పెట్టుకో, తాగేముందు కలుపు. మంచి ఫ్లాస్కు అయితే నీళ్లు వేడిగానే ఉంటాయి, చల్లార్చడానికి ఒక గ్లాసు చల్లటి నీళ్లు ఉంటే సీసా అందులో పెట్టొచ్చు. ఖాళీ సీసాలు రెండు మూడు తీసుకుపో, వాడినవి కవర్లో కట్టి ఇంటికొచ్చాకనో, చుట్టాలింట్లోనో కడుగు. దాబా దగ్గర కొళాయి కింద తొలిపి మళ్లీ వాడొద్దు. నీ పాలు ఇంకా ఇస్తున్నావంటే ఇవేవీ మొయ్యక్కర్లేదు, ఒక చున్నీ చాలు.

ఇంత చేసినా పెళ్లిళ్ల కాలంలో విరేచనాలు పట్టుకోవచ్చు. బ్యాగులో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు వేసుకో. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, గ్లాసులో చిటికెడు వేసి కలపడం కాదు, కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనం అయిన ప్రతిసారీ చెంచాతో కొద్దికొద్దిగా. పాలు, తిండి ఆపొద్దు. డాక్టరు జింకు రాస్తే ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు పూర్తిగా, విరేచనాలు ఆగాయి కదా అని మూడో రోజే మానకూడదు. కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, రక్తం పడినా, తాగింది తాగినట్టు కక్కుతున్నా, పెళ్లి వదిలేసి ఆసుపత్రికి పో. విరేచనాలు రాకుండా వేసే రోటా టీకా చుక్కలు మూడుసార్లూ పడ్డాయో లేదో కార్డు తీసి చూడు, 6, 10, 14 వారాలకు వేసేవి. మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది.

*

చివరగా, పేరు రాయొద్దన్న ఒక ఆశా కార్యకర్త ఉత్తరం. తన ఊళ్లో మందుల షాపు వాళ్లు కాన్పు అయిన ప్రతి ఇంటికీ ఒక పాల సీసా బహుమతిగా ఇస్తున్నారని, అది మంచిదే కదా అని అడిగింది.

కాదమ్మా. 1992లో వచ్చి, 2003లో ఇంకా గట్టిపడిన చట్టం ఒకటి ఉంది మనకు, పాల సీసాలకు, పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకు ఉచితంగా పంచకూడదు. సీసా చేతికొస్తే పాలు చాలడం లేదేమో అన్న అనుమానం కూడా దాంతోపాటే ఇంట్లోకొస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లు ఒకసారి పట్టి చూస్తారు, బిడ్డ రొమ్ము చప్పరించడం తగ్గిస్తుంది, పాలు నిజంగానే తగ్గుతాయి. నువ్వు ఇళ్లకు పోయినప్పుడు ఆ సీసా ఎక్కడుందో చూడు. మూత తీయకుండా అటక మీద ఉంటే ఏమీ అనకు, టీ తాగి వచ్చేయ్.